పందిదా, ఆవుదా, ల్యాబ్‌దా? ఊపిరితిత్తుల మందుపై అపోహలు - వాస్తవాలు

రాత్రి రెండింటికి ఆలూరు వైపు నుంచి అంబులెన్సులో ఏడో నెల బిడ్డ వస్తాడు. తూకం కిలో. డొక్కలు లోపలికి పీక్కుపోతుంటాయి, ఊపిరి వదిలిన ప్రతిసారీ మూలుగు. ఊపిరితిత్తులు తెరుచుకునేందుకు ఇచ్చే సర్ఫాక్టెంట్ అనే మందు వేయాలి అనగానే బయట కూర్చున్నవాళ్ల ప్రశ్నలు మొదలవుతాయి. కర్నూలులో పిల్లల డాక్టరుగా ఇవి నాకు అలవాటే.

అపోహ: "ఏడో నెల బిడ్డ బతుకుతాడు, ఎనిమిదో నెల బిడ్డ నిలవడు."
ఇక్కడ అవ్వలందరూ చెప్పే మాట. పూర్తిగా తలకిందులు. ఊపిరితిత్తుల్లోని గాలిగదులు ముడుచుకుపోకుండా కాపాడే పొర సర్ఫాక్టెంట్. అది సరిపడా తయారయ్యేసరికి 34, 35 వారాలు పడుతుంది. అంటే దానికి దగ్గరగా ఉండేది ఎనిమిదో నెల బిడ్డే.

అపోహ: "సింథటిక్ అయితే శుభ్రం, అదే వేయండి సార్."
సింథటిక్ అంటే ల్యాబ్‌లో చేసింది, నేచురల్ అంటే పంది లేదా ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసి శుద్ధి చేసిన మందు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం పసిబిడ్డలకు వేసి ఫలితం చూపించింది ఆవుదే. 1990లో అమెరికా అనుమతించిన సింథటిక్ మందు కాల్ఫోసెరిల్‌లో కొవ్వు ఉంది గానీ, మన ఊపిరితిత్తుల సర్ఫాక్టెంట్‌లో ఉండే ఎస్‌పీ-బీ, ఎస్‌పీ-సీ అనే ప్రొటీన్లు లేవు. ఆ కొవ్వును గాలిగదుల గోడలమీద చకచకా పరిచేవి అవే. అందుకే అది నిదానంగా పనిచేసేది, ఊపిరితిత్తి చిట్లి గాలి బయటికి పోవడం కూడా ఎక్కువగా కనిపించింది. ఎస్‌పీ-బీని అనుకరించే పెప్టైడ్‌తో (చిన్న ప్రొటీన్ ముక్కతో) చేసిన మరో సింథటిక్ మందు లూసినాక్టెంట్‌కు 2012లో అక్కడ అనుమతి వచ్చింది, 2015లో మార్కెట్ నుంచే పోయింది. మీరు సింథటిక్ అడిగినా మా ఫ్రిజ్‌లో లేదు.

"పందిదంట గదా సార్?" ఇది అపోహ కాదు, న్యాయమైన ప్రశ్న. మందు ఎక్కడిదో ముందే చెప్తాను. పంది వద్దన్నవాళ్లకు ఆవుది వేశాం, ఆవు వద్దన్నవాళ్లూ ఉన్నారు. పందిది మొదటి డోసు కిలోకు 200 మి.గ్రా., అంటే రెండున్నర మి.లీ. ఆవుది ఎక్కువగా వాడేది 100 మి.గ్రా., నాలుగు మి.లీ. పోల్చిన పరీక్షల్లో పందిది కాస్త ముందుంది, కానీ అది మందు గొప్పో డోసు గొప్పో తేలలేదు. నా లెక్కలో చేతిలో ఉన్నది తొందరగా వేయడమే ముఖ్యం. ఆయాసం ముదిరాక వేస్తే అంత ఫలితం ఉండదు.

అపోహ: "నరానికి వేసే ఇంజెక్షన్."
కాదు. సిస్టర్ సీసాను అరచేతిలో పెట్టుకుని చలి పోగొడుతుంది, గిలకొట్టదు. పల్చటి పాలలాంటి మందును సన్న గొట్టంతో నేరుగా శ్వాసనాళంలోకి వదులుతాం. ఒక్కోసారి గుండె వేగం తగ్గుతుంది, ఆక్సిజన్ అంకె పడిపోతుంది. ఆగి, మళ్లీ వదులుతాం. నేచురల్ అన్నంత మాత్రాన ఇబ్బందులు లేవనుకోకండి.

"ఇంక గండం గడిచినట్టేనా సార్?" కొందరికి రెండో డోసు పడుతుంది. ఇన్ఫెక్షన్, మెదడులో రక్తస్రావం వేరే గండాలు. నెలలు నిండకుండా నొప్పులొస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి కాన్పుకు ముందే తల్లికి డెక్సామెథసోన్ ఇంజెక్షన్ 6 మి.గ్రా., 12 గంటలకొకటి చొప్పున నాలుగు ఇస్తారు. అన్నీ పూర్తయ్యే టైం లేకున్నా మొదటిది పడాలి. అంబులెన్సు తలుపు తీయగానే రెఫరల్ చీటీలో నేను మొదట వెతికేది ఆ లైనే.