మతిమరుపా, డిమెన్షియానా? మా క్లినిక్‌లో వినిపించే అపోహలు

పర్లాకిమిడిలో మా క్లినిక్‌కి వచ్చే పెద్దవాళ్లు తెలుగులో మొదలుపెట్టి ఒడియాలో ముగిస్తారు. పాతపట్నం వైపు నుంచీ వస్తారు. భాష ఏదైనా వెంట వచ్చినవాళ్లు చెప్పే మాటలు మాత్రం దాదాపు ఒకటే.

అపోహ: ముసలితనంలో మతిమరుపు మామూలే, డాక్టరుకి చూపించడం దేనికి?

మనిషి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయి, సాయంత్రానికి గుర్తొచ్చిందంటే అది వయసు పని. జ్ఞాపకం, ఆలోచన తగ్గి రోజువారీ పనులే చేసుకోలేకపోతే అది డిమెన్షియా. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతకడం నాకూ ఉంది. మన దేశంలో 60 దాటినవాళ్లలో డిమెన్షియా ఉన్నవారు 7.4 శాతమని 2023లో వచ్చిన లాసీ-డాడ్ అనే దేశవ్యాప్త పెద్దవాళ్ల సర్వే అంచనా. అంటే వందలో తొంభై మందికి పైగా అది లేనివాళ్లే.

అందుకే ఏం మరిచిపోతున్నారని నేను పెద్దగా అడగను. ఏ పని మానేశారని అడుగుతాను. పింఛను డబ్బు తానే లెక్కపెట్టుకునే మనిషి ఇప్పుడు నోట్లన్నీ కొట్టువాడి ముందు పెట్టి ‘నువ్వే తీసుకో’ అంటున్నాడా? నలభై ఏళ్లుగా పులుసు కాస్తున్న ఆవిడ చింతపండు పిసికాక తర్వాత ఏం చెయ్యాలో తెలీక నిలబడిపోతోందా? రోజూ వెళ్లే గుడి నుంచి ఇంటికి దారి తప్పుతోందా? ఇలాంటివి ఉంటే ‘చాదస్తం’ అని కొట్టిపారేయకండి.

అపోహ: ‘నాకు మతి పోతోంది’ అని తనే అంటున్నాడు, ఇక ఖాయం.

చాలాసార్లు తిరకాసు ఇక్కడే. ఏయే రోజు ఏమేం మరిచిపోయాడో పూస గుచ్చినట్టు చెప్పే మనిషిలో దిగులో, నిద్రలేమో ముందు వెతుకుతాను. నాకు టెన్షన్ పెట్టేది రెండో రకం. పొద్దున్న ఏం టిఫిన్ తిన్నారని అడిగితే నవ్వేసి, తల తిప్పి భార్య మొహం చూస్తారు. ఆవిడ ‘ఉప్మా’ అంటే ‘ఆఁ, ఉప్మా’ అంటారు. ఆ వెంటనే ‘నాకేటీ అవ్వనేదు బాబూ, ఈళ్లే కంగారు పడతన్నారు’ అంటారు. అయితే మొదటి దశలో తన మరుపు తనకే తెలిసేవాళ్లూ ఉంటారు, కాబట్టి వాళ్లనీ పరీక్ష చెయ్యకుండా పంపను.

అపోహ: గడియారం బొమ్మ వెయ్యలేకపోతే డిమెన్షియానే.

గడియారం గీయించడం మతిని పరీక్షించే ఒక పద్ధతి. దాన్నే నమ్మి ఈ తప్పు నేనే చేశాను. సంతలో చింతపండు అమ్మే ఒక ముసలమ్మకి కాగితం ఇచ్చి గడియారం గీయమన్నాను. ఆవిడ పెన్ను తలకిందులుగా పట్టుకుంది. నేను అనుమానమని రాసేశాను. బయట బెంచీ మీద కూర్చున్న ఆవిడ, పక్కనున్నవాళ్లతో ఎవరు ఎంత బాకీయో, ఏ సంత నుంచి బాకీయో చెబుతుంటే విన్నాను. చీటీ వెనక్కి తీసుకున్నాను. బడి మొహం చూడనివాళ్లకి బొమ్మల పరీక్ష కాదు, వాళ్ల రోజువారీ పనులే పరీక్ష.

అపోహ: రెండు భాషలు కలగాపులగం చేస్తే మెదడు పాడవుతుంది.

మన సరిహద్దు వాళ్లకి అసలు నిజం తీపి కబురే. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే రెండు, అంతకు మించి భాషలు వచ్చినవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. అంటే జబ్బు రాదని కాదు. వచ్చాక చాలామందిలో తర్వాత నేర్చిన భాష ముందు జారిపోతుంది. ఒడియాలో అడిగితే బదులివ్వని తాత తెలుగులో పలకచ్చు. ఇంటి భాష ఏదో ముందే మాకు చెప్పండి.

అపోహ: వచ్చాక చేసేదేమీ లేదు.

డిమెన్షియాకి ఎక్కువగా కారణమయ్యే అల్జీమర్స్ జబ్బుని నయం చేసే మందు లేదు. డోనెపెజిల్ లాంటివి కొందరికి కొంతకాలం కాస్త ఊరటనిస్తాయి, అంతే. కానీ మతిమరుపంతా అల్జీమర్స్ కాదు. బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా, చెవులు వినపడకపోయినా, బాత్రూమ్‌లో పడి తలలో రక్తం గడ్డకట్టినా ఇలాగే కనిపిస్తారు. ఏళ్ల తరబడి ఆపకుండా వేసుకుంటున్న నిద్రమాత్ర సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. అందుకే వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ సంచీలో వేసుకుని రండి. పండక్కి వచ్చిన కొడుకు కాదు, రోజూ కూడా ఉండే మనిషి వెంట రావాలి.

నిన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లోనే తికమకపడి ఎవరినీ పోల్చుకోలేకపోతే మాత్రం నా ఓపీ రోజు కోసం ఆగకండి. మూత్రంలో ఇన్ఫెక్షనో, షుగరో, సోడియమో తేడా చేసి ఉండచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.