మొరం అమ్మితే బోరుకేం అవుతుంది: అపోహలు - వాస్తవాలు

బోరు పాయింట్ చూడమని పిలిచిన ప్రతి ఊళ్ళోనూ ఈ మధ్య ఇదే మాట. "నీళ్ళు ఆరొందల ఫీట్ల కింద ఉన్నయ్ సార్, మేం అమ్మింది పైన ఇరవై ఫీట్ల మొరమే గదా, దానికీ దీనికీ ఏం సంబంధం?" వెంచర్లకీ రోడ్లకీ మొరం గిరాకీ పెరిగాక గుట్ట పక్కన చెల్క ఉన్న రైతు దగ్గరికి టిప్పర్ లెక్కన రేటు మాట్లాడటానికి ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు, అందుకే ఈ ఒక్కటి వివరంగా రాస్తున్నా, మిగతావి గబగబా చెప్పేస్తా.

అపోహ: నీళ్ళు లోతు రాతిలో ఉంటాయి, పైన మొరం తీస్తే ఏం కాదు.

పూర్తిగా తప్పు. తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలా చోట్ల మన కాళ్ళ కింద ఉన్నది గ్రానైట్, నైస్ (gneiss) అనే గట్టి రాళ్ళు. గట్టి రాయిలో నీళ్ళకి చోటు లేదు, అక్కడక్కడా సన్నటి పగుళ్ళు తప్ప. అసలు నిల్వ ఉండేది పైన చివికిపోయిన రాయిలో, అంటే మీరు టిప్పర్లకి ఎత్తుతున్న ఆ మొరంలోనే. మొరం ట్యాంకు, పగులు దానికి బిగించిన పైపు. మీ బోరు ఆరొందల అడుగుల్లో పైపుకి తగిలింది, నీళ్ళు దిగేది మాత్రం పైనున్న ట్యాంకులోంచే.

లెక్క చూడండి. భూగర్భజలాల అంచనాకి 1997లో పెట్టిన నార్మ్స్ ప్రకారం, బంకమట్టి తక్కువున్న చివికిన గ్రానైట్ మీద పడ్డ వానలో 11 శాతం దాకా లోపలికి ఇంకుతుంది, పగుళ్ళు పెద్దగా లేని గట్టి రాయి మీదైతే 1 శాతం. మొరమంతా గీకి బండ తేలిస్తే మీ పొలం పదకొండులోంచి ఒకటికి దగ్గరగా పోతుంది. నిల్వ సంగతికొస్తే, నీళ్ళతో నిండిన మొరం తన ఘనపరిమాణంలో సుమారు 3 శాతం నీటిని బావికో బోరుకో వదులుతుంది. తక్కువే అనిపిస్తుంది, కానీ ఎకరం మీద 10 అడుగుల మందానికి కట్టండి, మూడున్నర లక్షల లీటర్లు దాటుతుంది, మంచి వానలు పడ్డ ఏడల్లా మళ్ళీ నిండేది. ఆ పదడుగులూ లారీ ఎక్కితే ఆ చోటు ఇక రాదు, రాయి అంత లోతున చివకాలంటే మనుషుల లెక్కల్లో అయ్యే పని కాదు.

ఒక ఊళ్ళో అన్నదమ్ముల పొలాలు, ఎగువన అన్నది, దిగువన తమ్ముడిది. అన్న బిడ్డ పెళ్ళికని మొరం అమ్మాడు, ఆయన్ని ఒక్క మాట కూడా అనలేను, అప్పు ఎవరికి పుడుతోంది ఊళ్ళల్లో. రెండేళ్ళకి తమ్ముడి బోరు ఆగి ఆగి పొయ్యడం మొదలెట్టింది. నేను వెళ్ళింది ఏప్రిల్‌లో, చుట్టూ అంతా ఎండిపోయి ఉంటే అన్న పొలంలో మొరం తీసిన క్వారీ గోడకి సగం ఎత్తులో ఒక చార కట్టి పచ్చగా గడ్డి. అది చూస్తే నీళ్ళు వెతికే మిషన్ పెట్టక్కర్లేదు, పక్క పొలాల మొరంలో ఉన్న నీళ్ళు ఆ గోడలోంచి ఊరుతూ గుంతలోకి కారిపోతున్నాయి. అప్పటికే తమ్ముడు కొత్త బోర్లు వేసి అన్నకొచ్చిన మొరం డబ్బుల కంటే ఎక్కువే పోగొట్టుకున్నాడు, ఇంకా లోతుకి వెళ్దామా సార్ అంటాడు. వద్దు తమ్మీ, పైన ట్యాంకే ఖాళీ అవుతుంటే పైపు పొడుగు చేసి ఏం లాభం అన్నాను.

అపోహ: గుంతలో నీళ్ళు నిలిచాయి కాబట్టి చుట్టుపక్కల బోర్లకి మంచిదే.

గుంత లోతు భూగర్భ నీటిమట్టం కంటే కిందకి పోతే అక్కడ కనిపించేది కొత్త నీళ్ళు కాదు, మీ భూగర్భజలమే ఎండకి తెరుచుకుని ఉంది. వేసవిలో రోజుకి 7 మిల్లీమీటర్లు ఆవిరైనా ఎకరం గుంతకి 28 వేల లీటర్లు గాలికి పోతాయి. నీటిమట్టానికి బాగా పైనే ఆపిన గుంతలు కొన్ని ఇంకుడు గుంతల్లా పనిచేస్తాయి, నిజమే, అడుగున ఒండ్రు పేరుకుంటే అదీ ఆగిపోతుంది.

అపోహ: వాగులో ఎంత తీసినా వరదొస్తే నిండుతుంది.

ఎగువన చెరువులూ చెక్‌డ్యాంలూ ఉన్నాక ఇసుక, గులకరాళ్ళు అక్కడే ఆగిపోతాయి, మన దాకా వచ్చేది చాలావరకు బురద నీళ్ళే. వాగు అడుగు ఎంత దిగితే ఒడ్డు బావుల్లో నీళ్ళు అంత దిగుతాయి, కోత ఎగువకి పాకి బ్రిడ్జి పునాదుల దాకా పోతుంది. వాల్టా (నీళ్ళు, భూమి, చెట్ల రక్షణ చట్టం) రూల్స్‌లో బ్రిడ్జిలకీ తాగునీటి వనరులకీ 500 మీటర్ల లోపు ఇసుక తియ్యొద్దన్నది ఊరికే పెట్టలేదు.

ఇక వాట్సాప్‌లో తిరిగేవి. మొరం క్వారీ బ్లాస్టింగ్‌కి బోర్లు కూలిపోయాయట, మొరం తీసేది జేసీబీతో, అక్కడ బ్లాస్టింగ్ ఎందుకుంటుంది? క్వారీ వల్ల ఫ్లోరైడ్ వచ్చిందట, నల్గొండలో ఫ్లోరైడ్ ఈ క్వారీల కంటే ఎంతో ముందునుంచీ ఉంది, అది ఆ గ్రానైట్ రాయిలోంచే వస్తుంది. దయచేసి ఇవి ఫార్వర్డ్ చేసి జనాన్ని భయపెట్టకండి, అసలు నష్టం మీద అడగాల్సిన ప్రశ్నలు వీటి కింద పడి కొట్టుకుపోతున్నాయి.

చివరిది, గుంత పూడ్చేస్తే భూమి మళ్ళీ మామూలే అనేది. దేంతో పూడ్చారన్నదే ముఖ్యం. తీసిన మట్టితోనో శుభ్రమైన మొరంతోనో పూడిస్తే కొంత మేలు, బంకమట్టి కొడితే నీళ్ళు ఇంకవు, కూల్చిన ఇళ్ళ శిథిలాలూ ఊరి చెత్తా కొట్టి పైన రెండడుగుల ఎర్రమట్టి పరిచి ప్లాట్లు చేస్తే ఆ చెత్త నీటిమట్టంలో నానుతూ కూర్చుంటుంది. దారిలో వాగో కాలువో ఉంటే దాన్నీ చదును చేస్తారు, వానాకాలం ఆ నీళ్ళు పక్కవాళ్ళ ఇళ్ళల్లోకి వెళ్తాయి. అలాంటి చోట ప్లాట్ కొన్నవాళ్ళు నాకు ఫోన్ చేసి కంగారు పడుతుంటారు, పిల్లలకి ఏమన్నా అవుతుందా అని. మీరు ముందు చెయ్యాల్సింది ఇది, బోరు నీళ్ళు ల్యాబ్‌లో టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల మొత్తం), హార్డ్‌నెస్, నైట్రేట్ చూపించండి, వానలకి ముందొకసారి, తర్వాతొకసారి. నైట్రేట్ లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటితే పసిపిల్లల పాలల్లో ఆ నీళ్ళు కలపొద్దు, మరగబెట్టినా నైట్రేట్ పోదు.