బేస్‌మెంట్ బాత్రూంకి ఏ పంపు?

నీరు పల్లమెరుగు అంటారు. ఇంటి మురుగంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుంది. పై అంతస్తులో ఫ్లష్ చేసింది పైపు వాలు వెంట తనంతట తానే దిగి సెప్టిక్ ట్యాంకులో పడుతుంది. దానికి కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. చిక్కంతా బేస్‌మెంట్‌లో బాత్రూం కట్టినప్పుడే. ట్యాంకులోకి వెళ్లే పైపు పైన, కమోడ్ కింద. పల్లం లేనప్పుడు ఎత్తిపోయడమే దారి. అందుకు నేలలో ఓ గుంట, ఆ గుంటలో ఓ పంపు.

పంపు కొనబోయేవాళ్లకి ముందుగా ఎదురయ్యే సలహా ఇది: "కట్టర్ ఉన్నది తీసుకోండి, ఏం పడినా నలిపేస్తుంది, టెన్షన్ ఉండదు." ఇంటి మురుగు ఊరి డ్రైనేజీ లైన్లోకి పోతుంటే ఇందులో కొంత నిజం ఉంది. సెప్టిక్ ట్యాంకున్న ఇంటికి మాత్రం ఇదే సలహా ఎదురు తిరుగుతుంది. ఎందుకో తెలియాలంటే పంపుని కాసేపు పక్కనపెట్టి ట్యాంకులోకి తొంగిచూడాలి.

సెప్టిక్ ట్యాంక్ అనే పేరు ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ నగర సర్వేయరు డొనాల్డ్ కామెరాన్ వల్ల 1890ల్లో వ్యాప్తిలోకి వచ్చింది. లోపల సూక్ష్మజీవులు వాటి పని అవి చేస్తుంటాయి గానీ, ట్యాంకుగా అది చేసేది ఒక్కటే: మురుగుని ఒకటి రెండు రోజులు కదలకుండా ఉంచడం. ఆ తీరికలో బరువైనది అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలి తెట్టు కడుతుంది. మధ్యలో తేరిన నీరు బయటికి పోయి మట్టిలో ఇంకుతుంది. అంటే అంతా తేరుకోవడం మీదే ఆధారపడి ఉంది.

తేరుకోవడానికి ఎంతసేపు పడుతుంది? గుప్పెడు ఇసుక నీళ్లలో వేస్తే చూస్తుండగానే అడుగుకి చేరుతుంది. అంతే బంకమట్టి కలిపి చూడండి, మర్నాటికి కూడా నీళ్లు మసగ్గానే ఉంటాయి. దీని వెనకున్న లెక్కని 1851లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ తేల్చాడు. ద్రవంలో సన్నటి రేణువు దిగే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుంది. రేణువుని పదో వంతుకి నలిపితే వేగం వందో వంతుకి పడిపోతుంది. పెద్ద ముద్దలకి ఈ సూత్రం ఉన్నదున్నట్టు వర్తించదు, కానీ సన్నబడేకొద్దీ నెమ్మదిస్తుందన్నది మాత్రం వాటికీ నిజమే.

కట్టర్ పంపు, అంటే గ్రైండర్ పంపు, సరిగ్గా ఆ నలిపే పనే చేస్తుంది. మలాన్ని, కాగితాన్ని పలచటి పిండిలా చేసి పంపుతుంది. జిడ్డు కూడా చిన్న చిన్న బిందువులై నీళ్లలో కలిసిపోతుంది. ఆ పిండికి ట్యాంకు ఇచ్చే గడువు చాలదు. తేరుకోకుండానే మధ్య నీటితో కలిసి బయటికి పోయి, ఇంకుడు కాలవల చుట్టూ ఉన్న మట్టి రంధ్రాలను పూడ్చేస్తుంది. ట్యాంకు నిండితే లారీ పిలిచి తోడించుకోవచ్చు. మట్టి పూడుకుపోతే తోడేదేమీ ఉండదు, చాలాసార్లు కొత్తచోట మళ్లీ కాలవలు తవ్వించుకోవాల్సిందే. కమోడ్ వెనకే బిగించే, మురుగుని నలిపే డబ్బాలదీ ఇదే గుణం.

కాబట్టి సెప్టిక్ ఇంటికి నా ఓటు కోయని పంపుకే. దీన్ని సీవేజ్ ఎజెక్టర్ అంటారు. సుమారు 50 మిల్లీమీటర్ల ముద్దని కూడా తుంచకుండా దాటించగలదు. కమోడ్ మెడలోంచి బయటపడగలిగిందేదైనా దీన్నీ దాటిపోతుంది. వాననీటిని తోడే మామూలు సంప్ పంపు చూడ్డానికి ఇలాగే ఉంటుంది గానీ, అది ముద్దల్ని మింగలేదు. పేరు చూసి కాదు, ఎంత పెద్ద ముద్దని దాటిస్తుందో రాసిన అంకె చూసి కొనాలి. తడి వైప్స్ సంగతి వేరే చెప్పాలి. ప్యాకెట్ మీద ఏం రాసినా అవి కాగితంలా నానిపోవు, తాళ్లలా పేనుకుని ఏ పంపునైనా పట్టేస్తాయి.

కట్టర్ తప్పని ఇళ్లూ లేకపోలేదు. ట్యాంకు చాలా దూరంగానో, బాగా ఎత్తులోనో ఉండి సన్నటి పైపులో తోయాల్సి వస్తే ఎజెక్టర్ చేతులెత్తేస్తుంది. అప్పుడు రెండు గదుల పెద్ద ట్యాంకు, బయటికి పోయే చోట ఫిల్టరు పెట్టించుకుని, ఆ ఫిల్టరుని మరచిపోకుండా కడుగుతుండాలి.

ఇక ఎంత పంపు అన్న ప్రశ్న. హార్స్‌పవర్ అడగడం కన్నా హెడ్, అంటే ఎంత ఎత్తుకి తోయాలో ఆ లెక్క, అడగడం మేలు. గుంటలో పంపు ఆగే నీటిమట్టం నుంచి పైపు ఎక్కే అత్యంత ఎత్తైన చోటు దాకా కొలవండి. 3.2 మీటర్లు వచ్చిందనుకుందాం. దానికి పైపులో రాపిడి కలపాలి. 50 మిల్లీమీటర్ల పైపు, ఎల్బోలు, వాల్వు లెక్కేసుకుని 25 మీటర్ల పొడవుకి సమానం అనుకుంటే, నిమిషానికి 150 లీటర్ల దగ్గర రాపిడి ఒక మీటరు లోపే. మొత్తం కలిపి నాలుగు మీటర్ల పైచిలుకు. ఆ నీటిని అంత ఎత్తుకి లేపడానికి నికరంగా కావలసింది సుమారు 100 వాట్లు. మురుగు పంపుల సామర్థ్యం అంతంతమాత్రమే కాబట్టి అర హార్స్‌పవర్ అంటే సరే. రెండు హార్స్‌పవర్ దేనికి?

పెద్దది కొంటే పోయేదేముంది అనిపిస్తుంది. పోయేది మోటారే. 60 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రటి గుంటలో ఫ్లోట్ స్విచ్ (నీటితో తేలుతూ పంపుని వేసి ఆపేది) 25 సెంటీమీటర్ల తేడాతో పనిచేస్తే ఒక్కో దఫా 70 లీటర్లు పోతుంది. 150 లీటర్ల పంపుకి అది అర నిమిషం పని. 400 లీటర్ల పంపు పది సెకన్లలో ఊడ్చేసి ఆగుతుంది, కాసేపటికి మళ్లీ మొదలు. మోటారుని అరగదీసేది నడక కాదు, మాటిమాటికీ లేవడం. పైగా ఆ ఉరవడి ట్యాంకులో తేరినదాన్ని కలియబెడుతుంది. అందుకే నేరుగా ట్యాంకులో గుమ్మరించకుండా, పై అంతస్తుల మురుగు దిగే వాలు పైపులో కలిపితే జోరు కొంత తగ్గుతుంది. ఆ కలిపేది కూడా పైనుంచి, వై జాయింటుతో.

మరీ చిన్న పంపూ పనికిరాదు. పైపులో వేగం సెకనుకి 0.6 మీటర్ల కన్నా తగ్గితే ముద్దలు దారిలోనే కూలబడతాయి. 50 మిల్లీమీటర్ల పైపులో అంత వేగం రావాలంటే నిమిషానికి కనీసం 70 లీటర్లు పారాలి. ఎందుకైనా మంచిదని 75 మిల్లీమీటర్ల పైపు వేస్తే ఆ అవసరం 160కి ఎగబాకుతుంది. వెడల్పు పైపు ఎప్పుడూ మేలు చేస్తుందనుకోవడం ఇక్కడ పొరపాటు.

మిగతావి ప్లంబరుకి తెలిసినవే, కానీ అడిగి చేయించుకోవాలి. గుంట మూత గాలి చొరనట్టు బిగించి, గాలిగొట్టాన్ని కప్పు పైదాకా తీసుకెళ్లాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల వాసనొస్తుంది కాబట్టి మొదట్లో తెలుస్తుంది. మోతాదు పెరిగితే ముక్కే మొద్దుబారిపోయి వాసన తెలియడం మానేస్తుంది, ప్రమాదం అక్కడే. పంపు పైన, ఎక్కిన నీరు వెనక్కి దిగకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్, దాని పైన చేత్తో మూసుకునే బాల్ వాల్వ్ ఉండాలి. నాన్ రిటర్న్ వాల్వ్ కింద పైపుకి, గుంట లోపలే, ఐదు మిల్లీమీటర్ల చిన్న బెజ్జం పెడతారు. పంపులో చిక్కుకున్న గాలి దాన్లోంచి తప్పించుకుంటుంది. నీళ్లు చిమ్ముతోందని ఎవరో దాన్ని మూసేస్తారు, ఆ తర్వాత మోటారు తిరుగుతూనే ఉంటుంది గానీ చుక్క కదలదు.

నీటిమట్టం పెరిగితే మోగే అలారం కూడా పెట్టించండి. అయితే దాన్ని పంపు ప్లగ్గు పక్కనే గుచ్చితే ప్రయోజనం లేదు. పంపు వల్ల ఫ్యూజు పోయిన రోజున అలారం కూడా దాంతోపాటే నిద్రపోతుంది. దానికి వేరే సర్క్యూట్ నుంచి లైను లాగాలి.