ఎద్దు కుంటుతోందా? వాత పెట్టే ముందు గిట్ట కడగండి: అపోహలు - వాస్తవాలు

పోయిన తొలకరికి అసరెల్లి వైపు ఒక ఊరికి వెళ్ళాను. ఎద్దు కుడి ముందుకాలు నేలకు ఆనించడం లేదు. జబ్బ మీద మూడు వాతలు, ఇంకా పచ్చిగానే ఉన్నాయి. "జబ్బ పట్టేసింది సారూ. వాత పెట్టించినం, అయినా తగ్గుతలేదు" అన్నాడు రైతు. తాడేసి కాలు ఎత్తించి, బకెట్ నీళ్ళతో బురదంతా కడిగాను. గిట్ట అడుగున చిన్న నల్ల చుక్క కనిపించింది. కత్తి మొనతో దాని చుట్టూ కాస్త చెక్కగానే నల్లటి చీము బయటికి వచ్చింది, వాసన భరించలేకపోయాం. లోపల అగ్గిపుల్లంత పత్తికట్టె ముక్క. చీమంతా కారిపోయాక ఎద్దు ఆ కాలు మెల్లగా కింద పెట్టింది. పది రోజులుగా ఆ నోరులేని జీవి గిట్టలో పుల్లతో, పైన కాలిన చర్మంతో నిలబడింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ చుట్టుపక్కల ఊళ్ళలో నేను రోజూ వినే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: కుంటితే జబ్బ పట్టేసినట్టే, వాతతో పోతుంది.

కుంటడం అసలు రోగమే కాదు, ఎక్కడో నొప్పి ఉందని పశువు చెప్పే మాట. ఆవులు, ఎద్దుల్లో ఆ నొప్పి చాలావరకు గిట్టలోనే ఉంటుంది. వెనక కాళ్ళయితే ఎక్కువగా బయటి వైపు గిట్టలో. ఏ కాలో తెలియకపోతే గట్టి నేల మీద నాలుగడుగులు నడిపించి తల చూడండి. నొప్పి ఉన్న ముందుకాలు నేలను తాకగానే తల పైకి లేస్తుంది, మంచి కాలు పడినప్పుడు కిందికి వంగుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చూసి, బాగున్న కాలికి మందు రాస్తుంటారు. కాలు దొరికాక కడగండి. గిట్టల సందులో వేలు పెట్టి చూడండి, అడుగున నొక్కి చూడండి. ఎక్కడ నొక్కితే పశువు కాలు లాక్కుంటుందో అక్కడే ఉంది సంగతి. వాత వల్ల దక్కేది ఇంకో పుండు, దాని మీద ఈగలు, తర్వాత పురుగులు.

అపోహ: వానలు పడగానే దూడ కుంటి, వాచి, తెల్లారేసరికి చనిపోతే పాము కరిచినట్టే.

దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్క పూట ఆలస్యమైనా దూడ దక్కదు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు, మందలో అన్నిటికన్నా పుష్టిగా ఉన్న దూడ ఉన్నట్టుండి కుంటుతుంది. ఒళ్ళు కాలిపోతుంది. తొంటి మీదో జబ్బ మీదో వాపు వస్తుంది. అరచేతితో ఆ వాపును నొక్కితే లోపల గాలి బుడగలు నలిగినట్టు కరకరమంటుంది. అది జబ్బవాపు రోగం. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. మొదటి గంటల్లోనే పెన్సిలిన్ పడితే బతికే అవకాశం ఉంది, ఆ తర్వాత కష్టం. చనిపోయిన దూడను కోయకండి, చర్మం తీయకండి. ఆ క్రిమి బీజాలు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. ఆరు నెలలు దాటిన దూడలకు ఏటా వానలకు ముందే టీకా వేయించండి. పాము పేరు చెప్పుకుని టీకా మానేసిన ఇంట్లో మరుసటి ఏడాది ఇంకో దూడ పోవడం నేను కళ్ళారా చూశాను.

అపోహ: జ్వరంతో కుంటుతుంటే గొట్టంతో కషాయం పట్టాలి.

వానాకాలంలో దోమలు, చిన్న ఈగల వల్ల వచ్చే మూడు రోజుల జ్వరంలో ఈరోజు ఈ కాలు, రేపు ఆ కాలు కుంటుతుంది. చాలా పశువులు మూడు నాలుగు రోజుల్లో వాటంతట అవే లేస్తాయి. అయితే ఆ రోజుల్లో గుటక సరిగా పడదు. గొట్టంతో పోసిన కషాయం ఊపిరితిత్తుల్లోకి పోతే, జ్వరానికి పోని పశువు న్యుమోనియాతో పోతుంది. ఏదీ పోయకండి. నీడన ఉంచి, నీళ్ళు ముందు పెట్టండి.

అపోహ: గాలికుంటు (నోట్లో, గిట్టల సందుల్లో పుండ్లు పడే అంటురోగం) గాలిలో వస్తుంది, మనం చేసేదేమీ లేదు.

పేరులో గాలి ఉన్నా, మన ఊళ్ళకు అది ఎక్కువగా అంగడిలో కొన్న పశువుతో, దాని సొల్లుతో, మన చెప్పులతో, పలుపుతాడుతో వస్తుంది. గోదావరి వంతెన దాటి తెలంగాణలోని కాళేశ్వరం వైపు నుంచి తెచ్చినా, ఇటు నుంచి అటు తోలినా అంతే. కొత్త పశువును రెండు వారాలు విడిగా కట్టేయండి. 2019లో మొదలైన కేంద్ర పథకం కింద ఆరు నెలలకోసారి టీకా ఉచితంగా వేస్తారు, నదికి ఇటూ అటూ అదే. టీకా వేశాక పాలు కాస్త తగ్గొచ్చు, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ మామూలవుతాయి. రోగం వస్తే తగ్గే పాల ముందు అదో లెక్క కాదు. పుండ్లలో కిరోసిన్, ఇంజన్ ఆయిల్ పోయకండి. లేత గులాబీ రంగు పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళతో కడిగితే చాలు.

గొర్రెల వాళ్ళకు ఒక మాట. గిట్టలు కుళ్ళకుండా పది లీటర్ల నీళ్ళలో అరకిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపి నడిపించడం మంచి పద్ధతే, కానీ గిట్టలు ముందే కడగాలి, పేడ పడితే మందు పని చేయదు. ఆ నీళ్ళు తాగనివ్వకండి. రాగి విషం గొర్రెలకు తొందరగా ఎక్కుతుంది. వాటికి పది శాతం జింక్ సల్ఫేట్ మేలు.

పోలా పండుగ నాడు ఎద్దులకు ప్రేమతో బియ్యం, పప్పు, పోళీలు విపరీతంగా పెడతారు. కడుపు పులిసి నెమరు ఆగిపోతుంది, ఆ తర్వాత కొన్నాళ్ళకు గిట్టలు వేడెక్కి కుంటుతుంది. ఒక్క పోళీ పెట్టి దండం పెట్టండి, మిగతాది గడ్డే పెట్టండి.

అపోహ: నొప్పికి మెడికల్ షాపులో దొరికే డైక్లోఫెనాక్ వేస్తే చాలు.

పశువులకు ఆ మందు వాడకం 2006లోనే నిషేధించారు. మందు పడ్డ పశువు చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చస్తుంది. కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా 2023లో ఆపేశారు. ప్రాణహిత నదికి ఆవల బెజ్జూర్ దగ్గర పాలరాపు గుట్ట మీద గూళ్ళు కట్టిన రాబందులకు నది అడ్డం కాలేదు, మన గడ్చిరోలి అడవుల్లోనూ దిగేవి. మీ ఎద్దుకు నొప్పి తగ్గాలంటే మెలోక్సికమ్ ఉంది, రాబందులకు హాని లేదు. ఎంత వేయాలో డాక్టర్‌ను అడగండి, పశువైద్య సాయం నంబరు 1962కి ఫోన్ చేసినా సరే. ఫోన్‌లో ఏ కాలు, ఎన్నాళ్ళుగా, వాపుందా, జ్వరముందా చెప్పండి. గిట్ట కడిగి చూస్తే అందులో ఏం కనిపించిందో కూడా చెప్పండి.