టార్చి తెలుపులో దాగిన ఆకుపచ్చ

కరెంటు పోయిన ఓ సాయంత్రం ఎల్‌ఈడీ టార్చి వెలుగులో గోంగూర కట్ట విప్పాను. తెచ్చింది ఎర్ర గోంగూర. కాడలు మాత్రం మట్టిరంగులో ఉన్నాయి, ఎరుపు జాడే లేదు. వెలుగులో అరచేయి పెట్టి చూసుకుంటే, జ్వరపడి లేచిన మనిషి చేయిలా పాలిపోయి ఉంది. లోపం కట్టలో లేదు, కంట్లోనూ లేదు. ఆ టార్చి తెలుపులో కాస్త ఆకుపచ్చ కలిసి ఉంది.

తెల్ల ఎల్‌ఈడీ లోపల ఉన్న చిప్ ఇచ్చేది నీలి వెలుగు, తరంగదైర్ఘ్యం సుమారు 450 నానోమీటర్లు. దాని మీద పసుపు రంగు ఫాస్ఫర్ పూత ఉంటుంది. నీలంలో కొంత భాగాన్ని పూత మింగి పసుపుగా వదులుతుంది, మిగతా నీలం నేరుగా బయటికొస్తుంది. రెండూ కలిస్తే మన కంటికి తెలుపు. జపాన్‌లోని నిచియా సంస్థ 1996లో ఈ పద్ధతితోనే తెల్ల ఎల్‌ఈడీని మార్కెట్లోకి తెచ్చింది. పూతలో ఏ కాస్త తేడా వచ్చినా తెలుపు మారిపోతుంది.

డబ్బా మీద 5000 కెల్విన్, 6500 కెల్విన్ అని రాస్తారు కదా, అదేమిటో కమ్మరి కొలిమి చూసినవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. కాలేకొద్దీ ఇనుము ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు అవుతుంది. ఈ దారిలో ఎక్కడున్నామో చెప్పేదే కెల్విన్ అంకె. ఎంత కాల్చినా ఇనుము ఆకుపచ్చగా వెలగదు. నూనె దీపం, పాత ఫిలమెంటు బల్బు, ఎండ, అన్నీ దాదాపు ఈ దారిలోనివే. ఎల్‌ఈడీకి ఆ కట్టుబాటు లేదు. దారికి ఒక పక్కకి జరిగితే ఆకుపచ్చ ఛాయ, రెండో పక్కకి జరిగితే గులాబీ ఛాయ. ఎంత జరిగిందో చెప్పే కొలత డీయూవీ: ప్లస్ అయితే ఆకుపచ్చ, మైనస్ అయితే గులాబీ. నిజానికి డబ్బా మీద అచ్చు వేయాల్సిన అంకె ఇదే. చాలా టార్చిల మీద అది కనిపించదు.

జరగడం ఆకుపచ్చ వైపే ఎక్కువ ఎందుకంటే, మన కన్ను పగటి వెలుతురులో బాగా పట్టుకునేది 555 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగుని. టార్చి ఎంత వెలుగు ఇస్తుందో చెప్పే ల్యూమెన్ లెక్క కంటిని బట్టే కట్టారు. అంటే కాస్త ఆకుపచ్చ కలిస్తే అదే బ్యాటరీతో ల్యూమెన్లు పెరుగుతాయి. ల్యూమెన్ల పోటీలో రంగు నష్టపోతోంది, నాకు బాధ కలిగించేది అదే.

దీన్ని ఇంట్లోనే సరిచేయవచ్చు. సినిమా, స్టేజీ లైటింగ్ వాళ్ళు వాడే జిలాటిన్ పేపర్లలో ‘మైనస్ గ్రీన్’ అని ఒక రకం ఉంది. చూడటానికి లేత గులాబీ రంగు. పావు, అర, పూర్తి అని మోతాదులుంటాయి. టార్చికి చాలాసార్లు పావే చాలు. టార్చి తల మర తిప్పి ఊడదీసి, గాజుబిళ్ళను కాగితం మీద పెట్టి గీసుకుని, అదే కొలతకి జిలాటిన్ గుండ్రంగా కత్తిరించి, గాజు కింద పెట్టి బిగించాలి. వెలుగు కొంత తగ్గుతుంది. బాగా వేడెక్కే టార్చిలో మాత్రం పెట్టకండి, జిలాటిన్ కరుగుతుంది. తేడా చూడాలంటే తెల్లగోడ మీద రెండు టార్చిలు పక్కపక్కన వేయండి. ఒక్కటే చూస్తే కన్ను కొద్దిసేపట్లోనే సర్దుకుపోయి అదే తెలుపు అనేస్తుంది.

వెలుగు తగ్గించినప్పుడు చాలా ఎల్‌ఈడీలు మరింత ఆకుపచ్చకి తిరుగుతాయి, అందుకే గోడ పరీక్ష తక్కువ వెలుగులోనూ చేయాలి. వెచ్చటి ఎల్‌ఈడీ, చల్లటి ఎల్‌ఈడీ రెండూ పెట్టి, బటన్‌తో పాళ్ళు మార్చుకునే టార్చిలు కూడా ఉన్నాయి. రంగుల పటం మీద గీస్తే కొలిమి దారి వంపు తిరిగినది. రెండు రంగుల మిశ్రమం మాత్రం తిన్నని గీత మీద నడుస్తుంది. రెండు ఎల్‌ఈడీలూ ఆ దారి మీదివే అయితే, మధ్యలో గీత వంపు కిందికి, అంటే గులాబీ పక్కకి దిగి, ఏ ఫిల్టరూ లేకుండానే వెలుగు లేత గులాబీకి వస్తుంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది.

గోంగూర కాడలకి జిలాటిన్ ఒక్కటే సరిపోలేదు. ఫిల్టరు ఉన్న ఆకుపచ్చని తగ్గించగలదు, లేని ఎరుపుని తేలేదు. వెలుగు రంగుల్ని ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పడానికి సీఆర్ఐ అని రాసే మార్కు ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమే, ముదురు ఎరుపుని ఆర్9 అని విడిగా కొలుస్తారు. ఆర్9 బాగా ఉన్న ఎల్‌ఈడీ టార్చి కింద అలాంటి కట్టే మళ్ళీ విప్పితే, కాడలు ఆకు మొదలు దాకా ఎర్రగా కనిపించాయి.