పాతబస్తీలో అల్లర్ల నివారణ: రౌడీ షీట్ ఒకవైపు, పీస్ కమిటీ మరోవైపు

2023 సెప్టెంబర్ 28న హైదరాబాద్‌లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ ఒకే రోజున వచ్చాయి. నిమజ్జనం అనుకున్న రోజునే జరిగింది. మిలాద్ ఊరేగింపును మాత్రం దాని నిర్వాహకులు పోలీసులతో మాట్లాడుకొని అక్టోబర్ 1కి మార్చుకున్నారు. మరుసటి ఏడాది రెండు పండుగలూ మళ్లీ పక్కపక్కనే రాగా, మిలాద్ ఊరేగింపు సెప్టెంబర్ 19న సాగింది. పత్రికల్లో చిన్న వార్తగా ముగిసిపోయిన ఈ సర్దుబాటును నగరం ఒక్క రోజులో నేర్చుకోలేదు.

హైదరాబాద్ పోలీసుల చేతిలో ఉన్న పాత సాధనాలు చాలావరకు మనుషుల మీద నిఘా పెట్టేవే. నిజాం కాలంలో నగర భద్రత కొత్వాలు, అంటే నగర పోలీసు అధిపతి, బాధ్యతగా ఉండేది. 1920 నుంచి 1934 వరకు ఆ పదవిలో ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరును నగరం నేటికీ తలుచుకుంటుంది. నిజాం కాలపు ఫసలీ లెక్కలో 1348లో, అంటే 1938-39 ప్రాంతంలో, వచ్చిన సిటీ పోలీస్ చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది. దానికి తోడు రౌడీ షీట్ ఉంది. ఇది చట్టసభ చేసిన చట్టం కాదు, పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల (శాఖ అంతర్గత నిబంధనల) ప్రకారం గొడవలకు దిగుతారనుకున్న వారి మీద స్టేషన్లో తెరిచే రికార్డు మాత్రమే. షీట్ ఉన్నవారిని పండుగలకు ముందు పిలిపించడం, బైండోవర్ చేయడం, అంటే గొడవ చేయబోమని పూచీకత్తు రాయించుకోవడం, ఏటా జరిగే తంతు. తెరవడం ఎంత సులువో దాన్ని మూయించుకోవడం అంత కష్టం.

ఈ పద్ధతి మీద నమ్మకం ఘోరంగా దెబ్బతిన్నది 1978లో. ఆ ఏడాది మార్చి చివర నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై పోలీసులే సామూహిక అత్యాచారానికి ఒడిగట్టారు. రిక్షా తొక్కి బతికే ఆమె భర్త వారి దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది, ఆందోళన ఇతర పట్టణాలకూ పాకింది, పోలీసు కాల్పుల్లో మరికొందరి ప్రాణాలు పోయాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయిన కేసులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. బస్తీ భద్రత గురించి పాతబస్తీ పెద్దలు మాట్లాడేటప్పుడు పోలీసుల నుంచి రక్షణ అన్న మాట కూడా వినిపిస్తుందంటే, దాని మూలాలు ఇక్కడ ఉన్నాయి.

1980లలో ఊరేగింపులు పెద్దవయ్యాయి, దారులు పొడుగయ్యాయి, నినాదాలు మారాయి. 1984లో నిమజ్జనం వేళ రక్తపాతం జరిగింది. వారాల తరబడి కర్ఫ్యూలో రోజుకూలీలు, తోపుడుబండ్ల వాళ్లు పస్తులున్న దశాబ్దమది. దీని పతాక 1990 డిసెంబర్. నూరు మందికి పైగా చనిపోయిన ఆ అల్లర్ల నడుమ ముఖ్యమంత్రి మర్రి చెన్నారెడ్డి రాజీనామా చేశారు. ఆయనను దించడానికే మంట ఎగదోశారన్న ఆరోపణ అప్పుడే వచ్చింది. ఆరోపణ మాట ఎలా ఉన్నా, ఆ స్థాయి మారణకాండ నగరంలో మళ్లీ జరగలేదన్నది గమనించాల్సిన విషయం.

ఎందుకు జరగలేదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. గల్ఫ్ సంపాదన, రియల్ ఎస్టేట్, వ్యాపారం నష్టపోతామన్న భయం, రాజకీయ లెక్కలు అన్నీ పనిచేసి ఉంటాయి. వీటి పక్కన తక్కువగా ప్రస్తావనకు వచ్చేది కమిటీల పని. 1990 అల్లర్ల తర్వాత పుట్టిన కోవా వంటి స్వచ్ఛంద వేదికలు మహిళలకు ఉపాధి, పిల్లలకు చదువు అనే దారిలో రెండు మతాల బస్తీలను కలిపే ప్రయత్నం చేశాయి. 2000 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్ర పోలీసులు ‘మైత్రి’ పేరుతో బస్తీవాసులను స్టేషన్లతో కలపాలని చూశారు. పండుగల ముందు పోలీసులు, బస్తీ పెద్దలు కలిసి కూర్చునే పీస్ కమిటీ ఊరేగింపు దారి, మైకు వేళలు, జెండాలు కట్టే చోట్లు వంటివి ముందే తేల్చుకుంటుంది. ఇవి చిల్లర విషయాలు కావు: 2010 మార్చిలో అల్లర్లకు నిప్పు పెట్టింది మిలాద్, హనుమాన్ జయంతి జెండాల గొడవే.

2007లో మక్కా మసీదు, లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు భద్రత అర్థాన్నే మార్చేశాయి. మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన పాతబస్తీ యువకులలో నిర్దోషులుగా తేలినవారికి ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. ఆ ఉత్తర్వును తర్వాత హైకోర్టు కొట్టేసింది. 2013లోనే వచ్చిన ప్రజా భద్రతా చట్టం ఒకేసారి వంద మంది చేరే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డును 30 రోజులు దాచాలని ఆదేశించింది. ఆ దారి 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ దాకా వచ్చింది. మధ్యలో 2014 అక్టోబర్ 24న మొదలైన షీ టీమ్స్ వీధి వేధింపుల మీద మఫ్టీలో పనిచేసి మంచి పేరు తెచ్చుకున్నాయి. అదే కాలంలో బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ సోదా చేసే కార్డన్ సెర్చ్‌లు మొదలయ్యాయి, రాత్రిపూట అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లను ‘చబుత్రా’ పేరుతో పట్టుకుపోయి కౌన్సెలింగ్ ఇచ్చారు. ఇరుకు ఇళ్లలో పదిమంది ఉండే బస్తీలో అరుగు తప్ప కుర్రాడికి మరో చోటు లేదన్న సంగతి ఈ ప్రణాళికలో ఎక్కడా లెక్కకు రాలేదు.

ముందస్తు నిర్బంధం సంగతి మరీ తీవ్రమైనది. 1986 నాటి పీడీ (ప్రివెంటివ్ డిటెన్షన్) చట్టం విచారణ లేకుండా పన్నెండు నెలల దాకా నిర్బంధించే వీలిస్తుంది. మామూలు చట్టం సరిపోయే నేరాలకు కూడా దీన్ని వాడుతున్నారని సుప్రీంకోర్టు 2022లోనూ, 2023లోనూ తెలంగాణను గట్టిగా మందలించింది.

షీట్‌కు, పీడీకి, కెమెరాకు చట్టమో ఉత్తర్వో బడ్జెట్టో ఉన్నాయి. పీస్ కమిటీకి సభ్యుల ఎంపిక ఇన్‌స్పెక్టర్ ఇష్టం. ఆయన బదిలీ అయితే పరిచయాలన్నీ మళ్లీ మొదటి నుంచి కట్టుకోవాలి. పిలుపు ఎక్కువగా మసీదు కమిటీల, మండపాల పెద్దలకు, వ్యాపారులకు వెళ్తుంది. ఆడవాళ్లు అరుదు, చబుత్రా కుర్రాళ్లు ఇంకా అరుదు.