తలుపుకు అడ్డుపెట్టిన పిజ్జా డబ్బాలు: అమెరికా క్యాంపస్ నేరాల లెక్క వెనక కథ

నేను అమెరికాలో ఎంఎస్ చదివే రోజుల్లో మా రూమ్మేట్ ఒకడు లైబ్రరీలో టేబుల్ మీద బ్యాగు పెట్టి కాఫీకి కిందికి దిగాడు. పైకొచ్చేసరికి బ్యాగు లేదు. మహా అయితే ఐదు నిమిషాలు. అందులో ల్యాప్‌టాప్ ఉంది, ఆ రోజే ఏదో బ్యాంకు పని ఉందని వెంట తెచ్చుకున్న పాస్‌పోర్టు ఉంది. క్యాంపస్ పోలీసు వచ్చి ఓపిగ్గా అన్నీ రాసుకున్నాడు, కేసు నంబరున్న చిన్న కార్డు చేతికిచ్చి వెళ్లాడు. పోలీసు రిపోర్టు లేకుండా కొత్త పాస్‌పోర్టు దరఖాస్తు కదలదు కాబట్టి ఆ కార్డును కళ్లకద్దుకుని దాచుకున్నాడు. కొన్నాళ్లకు పాస్‌పోర్టు వచ్చింది గానీ, పాతదాంట్లో ఉన్న వీసా స్టాంపు పోయినట్టే. ఇండియా వస్తే మళ్లీ స్టాంపింగ్ అయ్యేదాకా తిరిగి వెళ్లడానికి లేదు. ఆ టెన్షన్‌తో వాడు చెల్లెలి పెళ్లి వీడియో కాల్‌లోనే చూశాడు.

మరుసటి ఏడాది సెప్టెంబర్ చివర్లో యూనివర్సిటీ నుంచి అందరికీ వచ్చే మెయిల్ మాకూ వచ్చింది. వార్షిక భద్రతా నివేదిక. మా కేసు ఏ గడిలో ఉందో చూద్దామని ఇద్దరం కూర్చుని పట్టికలన్నీ వెతికాం. హత్య ఉంది, అత్యాచారం ఉంది, దోపిడీ ఉంది, గదిలో చొరబడి చేసిన దొంగతనం ఉంది, వాహనాల దొంగతనం ఉంది, నిప్పు పెట్టడం కూడా ఉంది. మామూలు దొంగతనానికి గడే లేదు. ఐదు నిమిషాల్లో పోయిన బ్యాగు ఆ ఏడాది లెక్క ప్రకారం జరగనే లేదు.

యూనివర్సిటీ దాన్ని దాచిందనుకుంటే పొరపాటు. కాలేజీలు తమ నేరాల లెక్క బయటపెట్టాలనే క్లెరీ చట్టమే అలా ఉంది. ఆ చట్టం పుట్టిందేమో దొంగతనానికి తెరిచి ఉన్న తలుపు దగ్గర. నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది ఈ సంగతే.

అమెరికాలో క్యాంపస్‌కు సొంత పోలీసులు ఉండటం యేల్ యూనివర్సిటీతో మొదలైంది. 1894లో న్యూ హేవెన్ నగర పోలీసు శాఖ నుంచి ఇద్దర్ని ప్రత్యేకంగా క్యాంపస్‌కు కేటాయించారు. ఊరివాళ్లకూ విద్యార్థులకూ మధ్య తరచూ జరిగే గొడవలు అప్పటి తలనొప్పి. మిగతా చాలా కాలేజీల్లో మాత్రం తర్వాత దశాబ్దాల తరబడి భద్రత అంటే రాత్రి వాచ్‌మన్ ఒక్కడే. తాళాలు పడ్డాయో లేదో చూడటం, ఎక్కడైనా నిప్పు రాజుకుందేమో కనిపెట్టడం అతని పని. విద్యార్థుల నడవడికను కాలేజీ తల్లిదండ్రుల స్థానంలో నిలబడి చూసుకుంటుందనే నమ్మకం మీద ఆ ఏర్పాటు నడిచింది.

1960లలో ఆ నమ్మకం కూలిపోయింది. విద్యార్థులు పెద్దవాళ్లు, వాళ్ల హక్కులు వాళ్లవి అని కోర్టులు చెప్పడం మొదలుపెట్టాయి. యుద్ధ వ్యతిరేక ఆందోళనలు పెరిగాయి. 1970 మేలో కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయాక, బయటి బలగాల్ని పిలవడం కన్నా సొంత పోలీసులుంటే మేలని చాలా యూనివర్సిటీలకు అనిపించింది. రాష్ట్రాలు ఒక్కొక్కటే క్యాంపస్ పోలీసులకు అరెస్టు చేసే అధికారం ఇచ్చాయి. అయితే పోలీసులు వచ్చారు గానీ, ఏం జరుగుతోందో బయటికి చెప్పే బాధ్యత మాత్రం ఎవరి మీదా పడలేదు. క్యాంపస్‌లో ఏడాదికి ఎన్ని నేరాలు జరిగాయో అడిగినా చెప్పాల్సిన పని లేదు.

పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్ అనే ఊళ్లో లీహై యూనివర్సిటీ ఉంది. కొండవాలులో చెట్ల మధ్య రాతి కట్టడాలు, చూడగానే తల్లిదండ్రులకు ధైర్యం కలిగే చోటు. జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయి అక్కడ ఫస్ట్ ఇయర్ చదువుతోంది. ఆమె అన్నలు న్యూ ఆర్లీన్స్‌లోని టులేన్‌లో చదివారు. అక్కడ ఒక విద్యార్థిని హత్య జరిగిందని తెలిసి, కూతురు దగ్గర్లోనే క్షేమంగా ఉంటుందని హోవార్డ్, కాన్నీ క్లెరీ దంపతులు లీహైని ఎంచుకున్నారు.

1986 ఏప్రిల్ 5 తెల్లవారుజామున అదే యూనివర్సిటీ విద్యార్థి ఒకడు ఆమె ఉండే హాస్టల్లోకి దొంగతనానికి వచ్చాడు. అతనికి ఆ భవనంతో పనేమీ లేదు. ఆమె గది దాకా రావాలంటే మూడు తలుపులు దాటాలి. మూడూ వాటంతటవే తాళం పడే తలుపులే. ఆ రాత్రి మూడూ తెరిచే ఉన్నాయి. బయటికి వెళ్లిన స్నేహితులకు మళ్లీ తలుపు తీసే పని లేకుండా ఎవరో పిజ్జా డబ్బాలు మడిచి సందులో పెట్టారు. నిద్రలో ఉన్న జీన్‌కు మెలకువ వచ్చింది. అతను ఆమెను హింసించి, అత్యాచారం చేసి చంపాడు.

ఆ డబ్బాలు పెట్టినవాళ్ల మీద నాకు కోపం రాదు. మన హాస్టళ్లలో గొళ్లెం పడకుండా తలుపు సందులో చెప్పు దూర్చినవాళ్లం, నీళ్ల బకెట్ అడ్డం పెట్టినవాళ్లం మనమే. అందరం ఒకే భవనంలో ఉంటున్నాం, అందరం తెలిసినవాళ్లమే అనుకుంటే తలుపు అడ్డంగానే కనిపిస్తుంది. మరి ఆ తలుపు తెరిచి ఉంటే ఏం జరగొచ్చో పిల్లలకు ఎవరైనా చెప్పారా? క్లెరీ దంపతులు పట్టుకున్న ప్రశ్న ఇది. అంతకుముందు మూడేళ్లలో ఆ క్యాంపస్‌లో 38 హింసాత్మక నేరాలు జరిగాయని కూతురు పోయాక వాళ్లకు తెలిసింది. సీటు తీసుకునేటప్పుడు ఆ సంఖ్య వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

వాళ్లు యూనివర్సిటీ మీద 2.5 కోట్ల డాలర్లకు దావా వేశారు. చివరికి రాజీ కుదిరింది. క్యాంపస్ భద్రత కోసం 1987లో ఒక సంస్థ పెట్టి, రాష్ట్రాల చట్టసభల చుట్టూ తిరిగారు. 1988లో పెన్సిల్వేనియా మొదటి చట్టం చేసింది. 1990 నవంబర్ 8న అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ సంతకంతో దేశమంతటికీ చట్టం వచ్చింది. ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే ప్రతి కాలేజీ, యూనివర్సిటీ తన నేరాల లెక్కను ఏటా బయటపెట్టాలి. 1998లో దానికి జీన్ క్లెరీ పేరు పెట్టారు. 

దారిలో ఇంకో పోరాటం కూడా జరిగింది, దాని గురించి తక్కువమంది మాట్లాడతారు. క్యాంపస్ పోలీసు రికార్డులు కూడా విద్యార్థుల చదువు రికార్డుల కిందికే వస్తాయి, గోప్యం, చూపించం అని కొన్ని యూనివర్సిటీలు వాదించేవి. మిస్సోరీలో ఒక విద్యార్థి పత్రిక ఎడిటర్ దీని మీద కోర్టుకెక్కి 1991లో గెలిచింది. 1992లో చదువు రికార్డుల గోప్యత చట్టాన్ని సవరించి ఆ సాకు లేకుండా చేశారు. క్యాంపస్‌లో జరిగిన నేరం వివరాలు ఇవాళ ఎవరైనా అడిగి చూడగలుగుతున్నారంటే, అందులో ఆ విద్యార్థిని పట్టుదల చాలా ఉంది.

ఇక గడి లేని దొంగతనం సంగతి. అప్పటికే ఎఫ్‌బీఐ దగ్గర దేశవ్యాప్తంగా లెక్కించే పెద్ద నేరాల జాబితా ఒకటి ఉంది. అందులో ఎనిమిది రకాలు. 1990 చట్టం ఆ జాబితాలో ఆరింటిని తీసుకుంది. వదిలేసినవి రెండు: నిప్పు పెట్టడం, మామూలు దొంగతనం. నిప్పు పెట్టడాన్ని 1998లో చేర్చారు. దొంగతనం బయటే ఉండిపోయింది. 2008లో ఒక మినహాయింపు వచ్చింది. జాతి, మతం, రంగు లాంటివాటి మీద ద్వేషంతో చేసిన దొంగతనమైతే లెక్కించాలి. అంతకుమించి లేదు. దేశం మొత్తంమీద ఆస్తి నేరాల్లో 70 శాతం పైగా ఈ మామూలు దొంగతనాలే. చట్టం చేసినప్పుడు అందరి కళ్ల ముందూ ఉన్నది ఒక అమ్మాయి హత్య, కాబట్టి హింస ముందుకొచ్చింది. అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ హంతకుడు ఆ భవనంలోకి వచ్చింది దొంగతనానికి. ఏ హాస్టల్లో సామాన్లు పోతున్నాయో తెలిస్తే ఏ హాస్టల్ తలుపు తెరిచి ఉంటోందో తెలిసినట్టే కదా.

గీత ఎక్కడ గీశారో చూడండి. తాళం పడని డార్మ్ గదిలోకి, అక్కడ ఉండే హక్కు లేనివాడు వచ్చి ల్యాప్‌టాప్ తీసుకుపోతే అది చొరబాటు దొంగతనం, లెక్కలోకి వస్తుంది. అదే ల్యాప్‌టాప్‌ను లైబ్రరీ టేబుల్ మీంచి తీసుకుపోతే రాదు, ఎందుకంటే లైబ్రరీలోకి అందరూ రావచ్చు. అదే గదిలో ఉండే రూమ్మేట్ తీసినా రాదు, అతనికి ఆ గదిలో ఉండే హక్కుంది కాబట్టి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లు ఊరికే అనలేదు. సైకిల్ పోతే రాదు, మోటారు స్కూటర్ పోతే వస్తుంది.

సైకిళ్ల మాట వచ్చింది కాబట్టి తాళాల కథ కొంచెం చెప్పాలి. సామాన్ల మీద గుర్తింపు నంబరు చెక్కించే పద్ధతి 1963లో కాలిఫోర్నియాలోని మాంటెరీ పార్క్ అనే ఊళ్లో మొదలైంది. చెక్కే పరికరం పోలీసులే అరువిచ్చేవాళ్లు. తర్వాత అది క్యాంపస్‌లకూ పాకింది. 1970ల మొదట్లో బోస్టన్ వైపు క్రిప్టోనైట్ అనే యూ ఆకారపు ఉక్కు తాళం వచ్చింది. న్యూయార్క్ వీధిలో ఒక సైకిల్‌ను దానితో స్తంభానికి కట్టి నెల రోజులు వదిలేశారు. విప్పదగ్గ భాగాలన్నీ పోయాయి గానీ తాళం పట్టుకున్న చట్రం అక్కడే ఉంది. ఆ పేరుతో ఆ తాళాలు విద్యార్థుల సైకిళ్లన్నిటికీ ఎక్కాయి. 2004లో మామూలు బిక్ పెన్ను గొట్టాన్ని గుండ్రటి తాళం రంధ్రంలోకి నెట్టి తిప్పితే అది తెరుచుకుంటుందని ఒక వీడియో బయటికొచ్చింది. కంపెనీ పాత తాళాలు వెనక్కి తీసుకుని కొత్తవి ఇవ్వాల్సి వచ్చింది. గట్టి తాళం కొన్నాం కదా అని నిశ్చింతగా ఉన్న వేలమందికి ఆ సంగతి చెప్పింది పోలీసులు కాదు, సాటి సైకిల్ వాళ్లు.

చట్టం తర్వాత కూడా పెరుగుతూనే వచ్చింది. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని కాల్చి చంపిన తర్వాత, ప్రమాదం ఉందని తేలగానే అందరికీ సమాచారం పంపాలన్న నిబంధన చేరింది. 2013లో వెంటపడి వేధించడం, గృహహింస లెక్కలోకి వచ్చాయి. 2024 డిసెంబర్‌లో ర్యాగింగ్ లాంటి వేధింపుల వివరాలు కూడా చేర్చారు. తప్పిన యూనివర్సిటీలకు జరిమానాలూ పెద్దవే: 2019లో మిషిగన్ స్టేట్‌కు 45 లక్షల డాలర్లు, 2024లో లిబర్టీ యూనివర్సిటీకి కోటీ 40 లక్షల డాలర్లు. ఇన్ని సవరణల్లోనూ మామూలు దొంగతనం తలుపు బయటే నిలబడి ఉంది.

మన పిల్లల విషయానికొస్తే ఇంకో చిక్కుంది. 2023–24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్ల వాటా చాలా పెద్దది, ఎక్కువమంది ఎంఎస్‌కే. వీళ్లలో చాలామంది డార్మ్‌లో ఉండరు, ఖర్చు భరించలేరు. క్యాంపస్‌కు మైలు, రెండు మైళ్ల దూరంలో నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. యూనివర్సిటీ లెక్కించేది తన భవనాలు, తన అధీనంలో ఉన్న చోట్లు, క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న రోడ్డు వరకే. ప్రైవేటు అపార్ట్‌మెంట్లో తాళం పగలగొట్టి నాలుగు ల్యాప్‌టాప్‌లు పట్టుకుపోయినా ఆ నివేదికలో ఒక్క అంకె మారదు. సీటు ఖాయం చేసుకునే ముందు ఆ నివేదిక చదివి ‘ఊరు సేఫే’ అని నిశ్చింతగా ఉండే అమ్మానాన్నలకు ఈ మాట ఎవరైనా చెప్పాలి. అపార్ట్‌మెంట్ ఉన్న వీధి సంగతి ఆ ఊరి నగర పోలీసుల వెబ్‌సైటులో చూసుకోవాలి, యూనివర్సిటీ దగ్గర దొరకదు.

మన దేశంలో ఇలాంటి చట్టం లేదు. 2015లో యూజీసీ విద్యార్థుల భద్రతకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఎత్తైన ప్రహరీ, దాని మీద ముళ్లతీగ, గేట్ల దగ్గర కాపలా, సీసీ కెమెరాలు, హాస్టళ్లలో బయోమెట్రిక్ హాజరు. గోడ ఎంత ఎత్తుండాలో ఆలోచించారు గానీ, ఏ హాస్టల్లో ఏడాదికి ఎన్ని ఫోన్లు పోయాయో పిల్లలకు చెప్పమని క్యాంపస్‌లను అడిగే చట్టం రాలేదు. 2023 నుంచి పోయిన ఫోన్‌ను కేంద్ర ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో బ్లాక్ చేయించుకునే వీలు దేశమంతా వచ్చింది. అది పోయాక చేసే పని. పక్క గదిలో పోయిన సంగతి ఈ గదివాడికి తెలిసే దారి మాత్రం ఇప్పటికీ మెస్సులో మాటల ద్వారానే.

అమెరికా చట్టంలో వార్షిక నివేదిక కన్నా విలువైనది ఇంకోటి ఉంది. డైలీ క్రైమ్ లాగ్. నివేదిక ఏడాది గడిచాక వస్తుంది, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. లాగ్ అలా కాదు. పోలీసు లేదా భద్రతా విభాగం ఉన్న ప్రతి యూనివర్సిటీ తమకు వచ్చిన ఫిర్యాదును రెండు పనిదినాల్లో అందులో రాయాలి. గడి ఉన్న నేరాలే కాదు, అన్నీ. మామూలు దొంగతనం కూడా. నేరం ఏమిటి, ఎప్పుడు జరిగింది, ఎప్పుడు చెప్పారు, ఎక్కడ, కేసు ఎక్కడిదాకా వచ్చింది. గత 60 రోజుల లాగ్‌ను ఎవరు అడిగినా చూపించాలి, విద్యార్థి కానక్కర్లేదు. చాలా యూనివర్సిటీలు ఆన్‌లైన్లోనే పెడతాయి.

మా రూమ్మేట్ బ్యాగు నాకు చివరికి అక్కడ కనిపించింది. ఒకే ఒక్క వరుస: లైబ్రరీ, రెండో అంతస్తు, సాయంత్రం 6 దాటాక, ఆచూకీ లేదు. దాని పైవరుసల్లోకి వెళ్లి చూశాను. అదే లైబ్రరీ, అదే రెండో అంతస్తు, మళ్లీ మళ్లీ, ఎక్కువగా జనం టీకీ కాఫీకీ లేచే ఆ సాయంత్రం వేళే.